తొలగింపు ఉత్తర్వు ఆఖరి కాగితం

(గాజువాకలో చిన్న, మధ్యతరహా పరిశ్రమల యజమానులకు, సూపర్‌వైజర్లకు ఒక కార్మిక చట్టాల న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలు కాగానే చట్టం మీద ఉపన్యాసం పెట్టారంటే నిర్వాహకులకు నా మీద నమ్మకం ఎక్కువైనా ఉండాలి, మీ మీద కోపమైనా ఉండాలి. (నవ్వులు) నిద్ర వస్తే మొహమాటపడకండి. కాకపోతే డ్యూటీలో నిద్రపోయిన ఒక కార్మికుడి కేసు చెబుతాను, అక్కడికి మాత్రం లేవండి.

మీలో ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్లు నడిపేవారు ఉన్నారు. స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో, పోర్టులో కాంట్రాక్టు పనులు చేసేవారు ఉన్నారు. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చిన రొయ్యల ప్రాసెసింగ్ వాళ్లు కూడా కనిపిస్తున్నారు. పని ఏదైనా, నా ఆఫీసుకు వచ్చే యజమాని మొదట అనే మాట ఒకటే: "సార్, అతన్ని తీసేశాం. ఇప్పుడు కాగితాలు ఎలా చేయాలో చెప్పండి."

అసలు చిక్కంతా ఆ వాక్యంలోనే ఉంది. తీసేయడం ముందు అయిపోయింది, కారణం రాయడం తర్వాతకు మిగిలింది. లేబర్ కోర్టులో యాజమాన్యాలు ఓడిపోయే కేసుల్లో చాలావాటిలో కార్మికుడు తప్పు చేయలేదని కాదు. నిర్ణయం ముందు పుట్టి విచారణ తర్వాత పుట్టిందని కాగితాలే సాక్ష్యం చెబుతాయి. తేదీలు చూస్తే చాలు, న్యాయమూర్తికి ఇంకేమీ అక్కర్లేదు.

దీనికి సరిగ్గా ఎదురు మాట కూడా వింటుంటాను. చట్టం మొత్తం కార్మికుడి పక్షమేనని, దొంగను పట్టుకున్నా తీయలేమని. అది నిజం కాదు. ఇప్పుడు ఆ నిద్ర కేసు చెబుతాను. పుణెలోని భారత్ ఫోర్జ్ కంపెనీలో 1983 ఆగస్టు 26న, పగలు 11.40 గంటలకు, ఒక హెల్పర్ తను పనిచేసే చోటే ఇనుప రేకు మీద గాఢనిద్రలో దొరికాడు. ఛార్జిషీటు, అంటే ఆరోపణల పత్రం, ఇచ్చారు, విచారణ జరిపారు, తొలగించారు. నిద్రపోయినంత మాత్రాన ఉద్యోగం తీసేస్తారా అని మనకూ అనిపిస్తుంది. లేబర్ కోర్టుకూ అలాగే అనిపించింది, శిక్ష ఎక్కువైందని తిరిగి తీసుకోమంది. చివరికి 2005 జనవరిలో సుప్రీంకోర్టు తొలగింపే సరైనదంది. ఎందుకని? అతను అంతకుముందు మూడుసార్లు తప్పు చేసి చిన్న శిక్షలతో బయటపడ్డాడు. ఆ మూడూ రికార్డులో ఉన్నాయి. యాజమాన్యాన్ని నిలబెట్టింది 1983 నాటి నిద్ర కాదు, అంతకుముందు జాగ్రత్తగా రాసిపెట్టిన పాత కాగితాలు. అయితే గెలవడానికి ఇరవై ఏళ్లు దాటిందన్న సంగతి కూడా మరిచిపోకండి.

మీ దగ్గర ఏం జరుగుతుంది? పదిసార్లు నోటితో తిట్టి వదిలేస్తారు. పదకొండోసారి కోపం పట్టలేక గేటు బయటికి పంపేస్తారు. కోర్టులో ఆ పదకొండోది ఒక్కటే కనిపిస్తుంది, అతని సర్వీసు మచ్చలేనిదిగా తేలుతుంది. మంచివాడినని ఊరుకున్నానంటారు. ఊరుకోవడం మంచితనమే, కానీ రికార్డు కాదు. తేదీ వేసి, సంతకం పెట్టి, నాలుగు వాక్యాల హెచ్చరిక ఉత్తరం ఇవ్వండి. అతని జవాబు కూడా అదే ఫైలులో పెట్టండి.

చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మన విషయానికి ముఖ్యమైనది 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే పని నియమాలు, అందులో 300 మంది, ఆపైన కార్మికులున్న సంస్థలకు తప్పనిసరి. ఇది వినగానే చిన్న యూనిట్ల వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పీల్చుకోకండి. నియమాలు రాసుకోవలసిన బాధ్యత తప్పిందే తప్ప, న్యాయంగా నడుచుకోవలసిన బాధ్యత తప్పలేదు. పైగా ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వడం కొత్త కోడ్‌ల కింద తప్పనిసరి. ఏది దుష్ప్రవర్తన అవుతుందో అందులోనే రాసుకోండి. 1983లో గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని సారం ఇదే: దేనికి శిక్ష పడుతుందో కార్మికుడికి ముందే తెలిసి ఉండాలి. తప్పు జరిగాక దానికి పేరు పెట్టి శిక్షించడం కుదరదు.

దుకాణాలు, ఆఫీసుల వాళ్లూ ఉన్నారు కాబట్టి ఒక మాట. మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీయడానికి 47వ సెక్షన్ ఒప్పుకోదు. రుషికొండ మీద అద్దాల భవనంలో ఉన్నా, జగదాంబ దగ్గర బట్టల కొట్టులో ఉన్నా ఉద్యోగి ఉద్యోగే.

ఇక ఛార్జిషీటుకు వద్దాం. ఇవాళ ఎక్కువసేపు దీని మీదే మాట్లాడతాను, ఎందుకంటే సగం కేసులు ఇక్కడే పాడవుతాయి. పేర్లు, వివరాలు తీసేసి ఒక నమూనా చదువుతాను, ఇలాంటివి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి: "మీరు గత కొంతకాలంగా కంపెనీ క్రమశిక్షణకు విరుద్ధంగా ప్రవర్తిస్తూ, దొంగతనాలకు పాల్పడుతూ, యాజమాన్యం నమ్మకాన్ని పోగొట్టుకున్నారు. మిమ్మల్ని ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో 24 గంటల్లో తెలియజేయండి."

చదవడానికి గంభీరంగానే ఉంది. ఇప్పుడు ఒక్కొక్క ముక్కా విప్పి చూడండి. "గత కొంతకాలంగా" అంటే ఎప్పటి నుంచి? ఏ తేదీన, ఏ షిఫ్టులో? "దొంగతనాలు" అంటే ఏ వస్తువు, ఎంత, ఎవరు చూశారు? తేదీ లేని ఆరోపణకు నేను ఆ రోజు సెలవులో ఉన్నానని చెప్పుకునే దారి కూడా అతనికి ఉండదు. "నమ్మకాన్ని పోగొట్టుకున్నారు" అన్నారంటే విచారణ మొదలుకాకముందే తీర్పు రాసేశారు. "ఎందుకు తొలగించకూడదో" అన్నారంటే శిక్ష కూడా ఖరారు చేసుకున్నారు. ఇక 24 గంటల సంగతి. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లి పడుకుని లేచేసరికే అందులో సగం అయిపోతుంది.

అదే సంఘటనకు ఇలా రాయవచ్చు: "ఈ నెల 12వ తేదీ బి షిఫ్టు ముగిశాక, రాత్రి సుమారు 10.10 గంటలకు, మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు తనిఖీ చేసినప్పుడు మీ క్యారేజీ సంచిలో సుమారు రెండు కిలోల రాగి తీగ ముక్కలు దొరికాయని, వాటిని బయటికి తీసుకువెళ్లేందుకు మీ దగ్గర గేటు పాసు లేదని ఆరోపణ. ఇది రుజువైతే మీ నియామక పత్రంలోని ఫలానా నిబంధన కింద దుష్ప్రవర్తన అవుతుంది. గార్డు ఇచ్చిన ఫిర్యాదు, అప్పుడు రాసిన పంచనామా నకళ్లు జతపరిచాం. ఏడు రోజుల్లో మీ వివరణ రాతపూర్వకంగా ఇవ్వండి."

ఎక్కడా "మీరు దొంగిలించారు" అని లేదు. "ఆరోపణ" అని ఉంది, "రుజువైతే" అని ఉంది. ఈ రెండు మాటల వల్ల మీకు పోయేదేమీ లేదు. ఇంకో సంగతి గమనించారా? రెండో కాగితం రాయాలంటే ముందు గార్డును కూర్చోబెట్టి అడగాలి, రాగిని తూకం వేయించాలి, గేటు రిజిస్టరు చూడాలి. ఆ పని చేస్తుండగానే అది అతనికి కాంట్రాక్టరు ఇచ్చిన తుక్కని తేలినా తేలవచ్చు. మంచి ఛార్జిషీటు రాయడం మొదలుపెట్టి, వద్దులే అని మధ్యలో ఆపేసిన యజమానులను చూశాను. వాళ్లు బాగుపడ్డారు.

భాష విషయం విశాఖలో మరీ ముఖ్యం. మీ షెడ్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వాళ్లకు తెలుగులో నోటీసు ఇచ్చి, వేలిముద్ర వేయించుకుని, అందిందని రాసుకుంటే దానికి విలువ ఏమిటి? అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వండి. చదువు రాకపోతే తోటి కార్మికుడి ఎదుట చదివి వినిపించి, వినిపించామని రాసి, ఆ తోటివాడి సంతకం తీసుకోండి. నోటీసు తీసుకోనంటే గొడవపడకండి. తీసుకోవడానికి నిరాకరించాడని ఇద్దరు సాక్షులతో రాయించి, ఇంటి చిరునామాకు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పంపండి, తప్పులేదు. వాట్సాప్‌లో మాత్రమే పంపి చేతులు దులుపుకోవడమే తప్పు.

సస్పెన్షన్. ఇది శిక్ష కాదు, విచారణ సాగేవరకు మనిషిని దూరంగా ఉంచడం. మనవాళ్లు దీన్ని జీతం లేని శిక్షగా వాడతారు. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే సంస్థల్లో జీవనభృతి ఇచ్చి తీరాలి. మొదటి 90 రోజులు వేతనంలో 50 శాతం, ఆ తర్వాత ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే 75 శాతం. విచారణ కూడా మామూలుగా 90 రోజుల్లో ముగించాలని కొత్త కోడ్ అంటోంది.

భృతి ఎగ్గొడితే ఏమవుతుందో కోలార్ బంగారు గనుల కేసు చెబుతుంది. భారత్ గోల్డ్ మైన్స్‌లో సెక్యూరిటీ అధికారిగా పనిచేసిన కెప్టెన్ పాల్ ఆంథోనీ ఇంట్లో 1985లో సోదా చేసి బంగారం దొరికిందన్నారు. ఒకపక్క క్రిమినల్ కేసు, ఇంకోపక్క శాఖాపరమైన విచారణ. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్లు భృతి ఇవ్వలేదు. చేతిలో డబ్బు లేక దూరాన ఉన్న సొంత ఊరి నుంచి విచారణకు రాలేకపోయాడు. అతను లేకుండానే విచారణ ముగించి తొలగించారు. ఆ తర్వాత క్రిమినల్ కోర్టు, అదే సోదా రుజువు కాలేదని, నిర్దోషిగా వదిలేసింది. 1999లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. కడుపు మాడ్చి విచారణకు రమ్మంటే అది విచారణ కాదు. పోలీసు కేసు ఉంటే మీ విచారణ ఆపాలా అని చాలామంది అడుగుతారు. మామూలుగా రెండూ సాగవచ్చు. రుజువు స్థాయి వేరు. క్రిమినల్ కోర్టుకు సందేహం మిగలకూడదు, మీ విచారణకు జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలు. కానీ రెండింటికీ సాక్ష్యాలు ఒకటే అయి, ఆరోపణ తీవ్రమై, చిక్కు ప్రశ్నలు ఉంటే ఒక వకీలును అడిగి అడుగు వేయండి. ఫీజు కోసం అంటున్నానని అనుకోకండి. (నవ్వులు)

విచారణ ఎలా ఉండాలో 1963లోనే సుర్ ఎనామెల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరోపణ స్పష్టంగా చెప్పాలి, సాక్షులను అతని ఎదుటే విచారించాలి, వాళ్లను ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి, అతని తరఫు సాక్షులను వినాలి, విచారణాధికారి కారణాలతో నివేదిక రాయాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఆచరణలో తప్పేది ఒకే చోట, విచారణాధికారి ఎంపికలో. అదే ఏడాది మీన్‌గ్లాస్ టీ ఎస్టేట్ కేసు వచ్చింది. కార్మికులు మేనేజర్ల మీద దాడి చేశారన్నది ఆరోపణ, విచారణలో కూర్చున్నది ఆ మేనేజర్లే. అది నిలబడలేదు, నిలబడదు కూడా. మీ యూనిట్ చిన్నది, ఉన్నది మీరూ, మీ బావమరిదీనే అనుకోండి. అప్పుడు బయటి నుంచి ఒకరిని పిలవండి. ఫిర్యాదు చేసినవాడు, సాక్షి, విచారణాధికారి ఒకే మనిషి కాకూడదు.

సీసీ కెమెరా దృశ్యాలు ఉంటే అతనికి చూపించండి. అతను వెళ్లిపోయాక విచారణాధికారి గదిలో ఒంటరిగా చూసి నమ్మితే ఆ సాక్ష్యం చెల్లదు. చూపించామని, చూశాక అతను ఏమన్నాడని రాయండి. ప్రతి పేజీ కింద అతని సంతకం. సంతకం పెట్టనంటే ఆ మాటే రాయండి.

నివేదిక వచ్చింది, ఆరోపణ రుజువైంది. ఇప్పుడు ఉత్తర్వు టైపు చేయించాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. నివేదిక నకలు ముందు అతనికి ఇవ్వాలి. ఇది మన హైదరాబాదు ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట, ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుందని స్పష్టంగా అంది. నివేదిక మీద అతను ఏమంటాడో విన్నాకే నిర్ణయం. ఆ నిర్ణయంలో అతని గత సర్వీసు, తప్పు తీవ్రత చూశామని రాయండి, నిజంగా చూశాకే రాయండి.

శిక్ష సంగతి. ఒకే తప్పుకు కోర్టులు రెండు రకాలుగా తీర్పు చెప్పిన సందర్భాలు ఉన్నాయి. బూతులు తిట్టాడన్న ఆరోపణ మీద తొలగించిన సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్‌ను 1984లో డెల్టన్ కేబుల్ కేసులో సుప్రీంకోర్టు తిరిగి తీసుకోమంది. 2005లో మహీంద్రా కంపెనీ కేసులో పై అధికారిని బూతులు తిట్టిన కార్మికుడి తొలగింపును సమర్థించింది. అయోమయంగా ఉందంటారా? తిట్టిన సందర్భం, తిట్టిన మాట, గత చరిత్ర చూస్తారు కాబట్టి అలా ఉంటుంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971 నాటి సవరణతో వచ్చిన 11ఏ సెక్షన్, శిక్ష ఎక్కువైందనిపిస్తే తగ్గించే అధికారం లేబర్ కోర్టుకు ఇచ్చింది. కొత్త కోడ్‌లో కూడా ఆ అధికారం ఉంది. కొట్టుకున్న ఇద్దరిలో ఒకరిని హెచ్చరించి, యూనియన్ పెట్టిన రెండోవాడిని తీసేశారనుకోండి, అప్పుడు నేను మీ తరఫున ఎంత గొంతు చించుకున్నా లాభం లేదు.

సంక్రాంతి సెలవుల గురించి చెప్పకపోతే ఈ ఊళ్లో ఈ ప్రసంగం పూర్తి కాదు. మన కార్మికులు సగం మంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లు. పండుగకని వెళ్లి కోతలకు ఉండిపోతారు, పైడితల్లి సిరిమానుకు వెళ్లి వారం దాకా రారు. యజమాని రిజిస్టరులో పేరు కొట్టేస్తాడు. ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం తనంతట తానే పోతుందని నియమం ఉన్న సంస్థలో కూడా, అడగకుండా, వినకుండా తీయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ కేసులో యాజమాన్యం రాలేదంటుంది, కార్మికుడు గేటు దగ్గర ఆపేశారంటాడు. విచారణ జరిపి ఉంటే ఏది నిజమో తేలేది. సగం జీతం బకాయిలతో తిరిగి తీసుకోవలసి వచ్చింది. కాబట్టి ఇంటికి ఉత్తరం రాయండి. ఫలానా తేదీలోగా వచ్చి చేరండి లేదా కారణం చెప్పండి అని. రాకపోతే రెండోది. ఆ తర్వాత విచారణ. అతను ఈఎస్‌ఐ అనారోగ్య భత్యంలో ఉన్నాడని తేలితే ఆ కాలంలో తొలగింపు మాటే ఎత్తకండి.

"ఇదంతా ఎందుకు సార్, రాజీనామా రాయించుకుంటే పోలా" అంటారు. గదిలో కూర్చోబెట్టి, ఫోను లాక్కుని, పోలీసులను పిలుస్తామని రాయించుకున్న రాజీనామా మరునాడు ఉదయమే లేబర్ ఆఫీసుకు ఫిర్యాదుగా చేరుతుంది. మరీ తెలివైనవాళ్లు నియామకం నాడే ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. అది తెలివి కాదు, మోసం. అలాంటి ఫైలు నేను ముట్టుకోను.

ఇంకొందరు ఆరోపణే లేకుండా "మీ సేవలు అవసరం లేదు" అని ఒక వాక్యంతో పంపేస్తారు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడి విషయంలో అది రిట్రెంచ్‌మెంట్, అంటే శిక్షగా కాకుండా ఉద్యోగం తీసేయడం, అవుతుంది. నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ముందే చెల్లించకపోతే ఆ తొలగింపు చెల్లదు. కొత్త కోడ్ దానికి ఇంకో 15 రోజుల వేతనం కలిపింది, కార్మికుడి నైపుణ్య నిధి పేరుతో. ఎలా పంపినా సరే, చివరి జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. యూనిఫాం అప్పగించలేదని జీతం ఆపకండి.

అన్నీ అయ్యాక కూడా విచారణలో లోపం ఉందని కోర్టు అంటే ఆఖరి దారి ఒకటి ఉంది. ఫైర్‌స్టోన్ కేసు 1973 నుంచి, యాజమాన్యం ఆ ఆరోపణను కోర్టులోనే కొత్తగా రుజువు చేసుకోవచ్చు. కాకపోతే జవాబు దాఖలు చేసేటప్పుడే ఆ అవకాశం అడగాలి. ఓడితే? 2013 నాటి దీపాలీ సుర్వసే తీర్పు ప్రకారం అక్రమ తొలగింపుకు బకాయి వేతనాలతో పునర్నియామకమే మామూలు నియమం. మీరు నెలకు ఇస్తున్న జీతాన్ని కేసు నడిచే ఏళ్లతో హెచ్చించి చూసుకోండి.

ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: మేం పెద్ద ప్లాంటులో పని చేయిస్తాం. కాంట్రాక్టరు మనిషి మా షెడ్డులో సామాను విరగ్గొట్టాడు. ఛార్జిషీటు మేం ఇవ్వవచ్చా?)

ఇవ్వకండి. అతని యజమాని కాంట్రాక్టరు. 2014లో ఎయిర్ ఇండియా క్యాంటీన్ కేసులో, అసలు యజమాని ఎవరో తేల్చడానికి సుప్రీంకోర్టు చూడమన్న విషయాల్లో క్రమశిక్షణ చర్య ఎవరు తీసుకుంటారు, తొలగించే అధికారం ఎవరిది అన్నవి ఉన్నాయి. మీ లెటర్‌హెడ్ మీద ఛార్జిషీటు వెళ్లిందంటే, రేపు అతను మీ ఉద్యోగినేనని కేసు వేసినప్పుడు మొదటి సాక్ష్యం ఆ కాగితమే. జరిగింది జరిగినట్టు తేదీ, సమయం, నష్టంతో కాంట్రాక్టరుకు ఉత్తరం రాయండి. విచారణ అతను జరుపుతాడు, మీ సూపర్‌వైజరు సాక్షిగా వెళతాడు. ఆ సామాను ఖరీదు మీ కాంట్రాక్టు ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరు బిల్లులో చూసుకోండి, ఆ కార్మికుడి జేబులో కాదు. ఇంకెవరైనా?